వరద నీరు, మోరీ నీరు చేరిన ఇంటిని మళ్లీ నివాసయోగ్యం చేసుకోవడం: సమగ్ర మార్గదర్శి

దక్షిణ తెలంగాణలో ఇల్లు మునగడానికి నది పొంగనక్కర లేదు. ఎగువన ఉన్న చెరువు నిండి అలుగు పారినప్పుడు, ఆ నీరు పోవలసిన కాలువ మీద ప్లాట్లు వెలిసి ఉంటే చాలు. మహబూబ్‌నగర్ పెద్దచెరువు దిగువన ఉన్న రామయ్యబౌలి వంటి లోతట్టు కాలనీలవారికి ఇది కొత్త సంగతి కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ ఒకేసారి పొంగి అలంపూర్ మునిగింది. 2024 సెప్టెంబరు 1న కోదాడ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. నీరు ఏ దారిన వచ్చినా మన గడప దాటేసరికి అందులో మోరీ నీరు, సెప్టిక్ ట్యాంకు మురుగు, పొలం మందులు కలిసే ఉంటాయి. కాబట్టి ఇంట్లో చేరిన నీరు చూడటానికి ఎంత తేటగా ఉన్నా దాన్ని మురుగు నీరుగానే లెక్కించి పని మొదలుపెట్టాలి.

మన ప్రాంతంలో ఇళ్లు ఎక్కువగా శ్రావణానికీ దసరాకూ మధ్య మునుగుతాయి. బతుకమ్మకు ఆడబిడ్డలు వస్తారని, పండుగకు ఇల్లు తెల్లగా ఉండాలని నీరు తీసిన పది పదిహేను రోజులకే పుట్టీ పెట్టించి రంగు వేయించేవారు చాలామంది. ఆ రంగు సంక్రాంతి నాటికి పొక్కులు లేచి రాలుతుంది, దాని వెనుక బూజు పట్టి ఉంటుంది. మునిగిన ఇంటి పనిలో కడగడం రెండు మూడు రోజుల పని, ఎండబెట్టడం రెండు మూడు నెలల పని. ఈ లెక్క ముందే ఒప్పుకున్నవారికి ఖర్చు ఒక్కసారితో పోతుంది.

లోపలికి అడుగు పెట్టకముందు

మొదట ఇంటి చుట్టూ బయటి నుంచి తిరిగి చూడాలి. పాలమూరు పల్లెల్లో ఇప్పటికీ మట్టి అడుసుతో కట్టిన రాతి గోడలు, దూలాలు, దంతెల మీద మట్టి పరిచిన మిద్దెలు ఉన్నాయి. ఇటువంటి ఇళ్లు వాన కురుస్తున్నప్పుడు కంటే వాన తెరిపిచ్చిన తర్వాత ఒకటి రెండు రోజులకు కూలే ప్రమాదం ఎక్కువ. పైకప్పు మట్టి నీరు పీల్చి బరువెక్కుతుంది, గోడ మొదట్లో రాళ్ల మధ్య అడుసు కరిగిపోతుంది, అప్పటిదాకా గోడను రెండు వైపులా ఒత్తి నిలబెట్టిన నీరు తగ్గిపోతుంది. దాదాపు ప్రతి వానాకాలంలోనూ ఈ జిల్లాల్లో గోడ కూలి నిద్రలోనే ప్రాణాలు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. గోడ ఉబ్బినా, మొదట్లో రాళ్లు జారినా, దర్వాజ పైన కొత్త పగులు కనిపించినా, దంతె ఒక పక్కకు ఒరిగినా ఆ ఇంట్లో పడుకోకూడదు. సామాను కోసం కూడా మేస్త్రీ చూసిన తర్వాతనే లోపలికి పోవాలి.

అలంపూర్, గద్వాల వైపు నల్లరేగడి నేలల మీద కట్టిన సిమెంటు ఇళ్లకు మరో చిక్కు ఉంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్లు ఇందువల్ల వచ్చేవే. పగులుకు రెండు వైపులా పెన్సిలుతో గీతలు గీసి, పక్కన తేదీ రాసి పెట్టుకోండి. నెల తర్వాత గీతల మధ్య దూరం పెరిగితే ఇంజినీరుకు చూపించాలి, పెరగకపోతే పూడ్చుకోవచ్చు. ఎర్ర ఇసుక కలిసిన చలక నేలల్లో ఈ బాధ తక్కువ.

తర్వాత కరెంటు. మెయిన్ స్విచ్ దగ్గరికి నీళ్లలో నడిచి పోవలసి వస్తే దాన్ని ముట్టుకోకుండా 1912 నంబరుకు ఫోన్ చేసి స్తంభం దగ్గరే సరఫరా తీయించండి. మెయిన్ ఆపినంత మాత్రాన ఇంట్లో కరెంటు లేదని అనుకోవద్దు. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో బ్యాటరీ నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది, దాన్ని విడిగా ఆపాలి. డాబా మీద సోలార్ పలకలు ఉంటే వాటి స్విచ్ కూడా తీయించాలి. గ్యాస్ సిలిండరు వాల్వు మూసి బయటికి తెచ్చి పెట్టండి. మునిగిన రెగ్యులేటరును, పైపును మళ్లీ వాడవద్దు. వాసన వస్తే అగ్గిపుల్ల, స్విచ్ రెండూ ముట్టకుండా బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి.

నీరు లాగిన ఇంట్లో పాములు, తేళ్లు పొడి చోటు వెతుక్కుంటూ అల్మారా పై అరల్లో, గుట్టగా ఉన్న బట్టల్లో, బియ్యం బస్తాల వెనుక చేరతాయి. ముందు పొడవాటి కర్రతో కదిపి, ఆ తర్వాతనే చేయి పెట్టండి. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం వంటివి చేయకుండా, కరిచిన కాలు లేదా చేయి కదలనీయకుండా 108లో ఆసుపత్రికి చేర్చాలి.

పని చేసేవారికి గంబూట్లు, రబ్బరు గ్లవ్స్, ముఖానికి మాస్కు ఉండాలి. కాలికి పుండు లేదా పగులు ఉన్నవారు బురదలో దిగకపోవడమే మంచిది. ధనుర్వాతం టీకా వేయించుకుని ఎంత కాలమైందో గుర్తు లేకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేయించుకోండి. ఎలుక మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ చాలాసార్లు మామూలు జ్వరంలాగే మొదలవుతుంది. జ్వరంతో పాటు పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు ఉంటే, వరద నీళ్లలో తిరిగిన సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు ఆ ఆలోచన రాకపోవచ్చు.

కడగకముందే ఫొటోలు

చీపురు పట్టకముందు ప్రతి గదినీ నాలుగు మూలల నుంచి ఫొటో తీయండి. గోడ మీద నీరు నిలిచిన గీత, దాని పక్కన ఆనించిన కొలత టేపు ఒకే ఫొటోలో పడాలి. ఫ్రిజ్, వాషింగ్ మిషన్ వంటి వాటి వెనుక ఉన్న సీరియల్ నంబర్లు కూడా తీసి పెట్టుకోండి. ప్రభుత్వ సాయం కావాలంటే పల్లెలో తహసీల్దారు కార్యాలయానికి, పట్టణంలో అదనంగా మున్సిపాలిటీకి దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఇంటికి బీమా ఉన్నవారు అదే రోజు కంపెనీకి తెలపాలి. 2021 ఏప్రిల్ నుంచి బీమా కంపెనీలు అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద నష్టం కూడా చేరి ఉంటుంది. బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకున్నవారు తమకు బీమా ఉన్న సంగతే మరిచిపోతారు కాబట్టి అప్పు కాగితాలు ఒకసారి తిరగేయండి.

తడిసిన పాస్‌బుక్కు, రిజిస్ట్రీ కాగితాలు, పిల్లల మెమోలు అంటుకుపోయి ఉంటే బలవంతంగా విడదీయవద్దు. మంచి నీటితో బురద పోనిచ్చి, నీడలో, కాగితానికీ కాగితానికీ మధ్య తెల్ల కాగితం పెట్టి ఆరనివ్వాలి. వెంటనే ఆరబెట్టే వీలు లేకపోతే ప్లాస్టిక్ సంచిలో చుట్టి, కరెంటు ఉన్న బంధువుల ఫ్రీజరులో పెడితే అవి బూజు పట్టకుండా ఆగుతాయి, తీరికగా తీసి ఆరబెట్టుకోవచ్చు.

నీరు, బురద తీయడం

బయట నీటి మట్టం తగ్గిన తర్వాతనే లోపలి నీరు తోడాలి. సెల్లార్లలో ఇది మరీ ముఖ్యం. చుట్టూ నేల నీటితో నిండి ఉండగా లోపల ఒక్కసారి ఖాళీ చేస్తే, బయటి నీటి ఒత్తిడికి గోడ లోపలికి వంగుతుంది. రోజుకు ఉన్న నీటిలో మూడో వంతు చొప్పున తీసి, మరునాడు గోడను చూసి మళ్లీ తీయాలి. డీజిల్ ఇంజన్, జనరేటర్ ఏదైనా ఇంటి బయట, కిటికీలకు దూరంగా నడపాలి. సెల్లారులో నడిపితే వాసన లేని విషవాయువుకు ప్రాణం పోతుంది.

ఒండ్రు తడిగా ఉన్నప్పుడే పారతో, తట్టతో ఎత్తిపోయాలి. ఎండి గట్టిపడితే పని రెట్టింపు, దుమ్ము లేస్తే ఊపిరితిత్తులకు హాని. ఎత్తిన బురదను మోరీలో వేయవద్దు. మీ వీధి మోరీ పూడితే తర్వాతి వానకు అదే నీరు మళ్లీ మీ ఇంటికే వస్తుంది.

ఏది ఉంచాలి, ఏది వదులుకోవాలి

ఇక్కడ మనసు గట్టి చేసుకోవాలి. నీరు పీల్చి, లోపలిదాకా కడగడానికి వీలు లేనిది ఏదైనా మురుగు నీళ్లలో నానితే పోయినట్టే. దూది పరుపులు, బొంతలు, దిండ్లు, ఫోము సోఫాలు, కార్పెట్లు, అట్టపెట్టెలు ఈ లెక్కలోకి వస్తాయి. ఎండకేసి వాడుకోవచ్చని దాచిన పరుపు ఇల్లంతా వాసన పట్టిస్తుంది. పార్టికల్ బోర్డు కప్‌బోర్డులు ఉబ్బితే తిరిగి రావు. జిప్సం ఫాల్స్ సీలింగ్ తడిస్తే ఊడదీయించాలి.

వంటింట్లో తడిసిన బియ్యం, జొన్నలు, పప్పులు, పిండి, కారం, పసుపు అన్నీ పారేయాలి, పశువులకు కూడా పెట్టవద్దు. మందులు, పాలపీకలు, చెక్క చపాతీ పీట, నెర్రెలు విచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు ఉంచవద్దు. స్టీలు, ఇత్తడి, గాజు సామాను సబ్బుతో తోమి, మరిగే నీళ్లలో ముంచి తీస్తే చాలు. బట్టలను మిగతా ఉతుకుతో కలపకుండా, వేడినీళ్లలో సర్ఫ్ వేసి నానబెట్టి, రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేయాలి.

టేకు తలుపులు, మంచాలు మాత్రం బాగుపడతాయి. తలుపును బందుల నుంచి విప్పి, కడిగి, నీడలో నాలుగు చెక్క ముక్కల మీద బల్లపరుపుగా పడుకోబెట్టండి. త్వరగా ఆరుతుందని ఎండలో గోడకు ఆనిస్తే మెలి తిరుగుతుంది, ఆ తర్వాత ఏ వడ్రంగీ దాన్ని దర్వాజలో కూర్చోబెట్టలేడు.

కడగడం, క్రిములు చంపడం

ముందు సబ్బు, తర్వాత బ్లీచింగ్ పౌడరు. ఈ వరుస తప్పకూడదు. బురద మీద బ్లీచింగ్ చల్లితే దాని శక్తంతా బురదకే సరిపోతుంది, క్రిములకు ఏమీ కాదు. మున్సిపాలిటీవారు వీధిలో తెల్లగా చల్లి పోయే పొడి వాసనకు ధైర్యాన్నిస్తుంది తప్ప ఇంటి నేలను శుభ్రం చేయదు. గోడను పై నుంచి కిందికి, నేలను లోపలి గది నుంచి వాకిలి వైపు, గట్టి బ్రష్షుతో, సర్ఫ్ నీళ్లతో రుద్ది, మంచి నీటితో కడగాలి.

తర్వాత ద్రావణం. తాజా బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ సుమారు 33 శాతం ఉంటుంది. 150 గ్రాముల పొడిని ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, ఆపైన 10 లీటర్ల నీరు పోసి, అరగంట కదపకుండా ఉంచండి. అడుగున సున్నం పేరుకుంటుంది. పైన తేరిన నీటిని వంపుకుని నేల మీద, గోడల కింది భాగం మీద పోసి, కనీసం పది నిమిషాలు తడిగా ఉండనిచ్చి కడగాలి. పొట్లం విప్పి నెలలు గడిచిన పొడి పనికిరాదు. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే ఘాటు తగలకపోతే కొత్తది తెచ్చుకోండి.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. బ్లీచింగ్‌ను బాత్రూం యాసిడ్‌తో కానీ, టాయిలెట్ క్లీనర్లతో కానీ కలపవద్దు, ఒకదాని తర్వాత ఒకటి అదే చోట పోయవద్దు. వెలువడే క్లోరిన్ వాయువు మూసిన గదిలో ప్రాణాంతకం. రెండోది మన నేలల గురించి. తాండూరు, షాబాద్ బండలు సున్నపురాయి. మరకలు పోతాయని వాటి మీద యాసిడ్ పోస్తే బుసబుస పొంగి, నునుపు పోయి, గరుకుగా తెల్లబడతాయి, ఆ గరుకులోకి మురికి ఇంకా సులభంగా దిగుతుంది.

బండల నేల విషయంలో ఇంకొక పని ఉంది, దీన్ని ఎక్కువమంది వదిలేస్తారు. బండల కింద పరిచిన ఇసుకలో, మొరంలో నీరు వారాల తరబడి నిలిచి ఉంటుంది. పైన నేల పొడిగా కనిపిస్తూనే గోడ మొదట్లో చెమ్మ తగ్గకుండా ఉంటే కారణం అదే. ఇనుప కడ్డీ మొనతో ప్రతి బండ మీదా మూలల్లో, నడుమ తట్టండి. గట్టి శబ్దం వస్తే సరే. డొల్ల శబ్దం వస్తే కింద ఇసుక కొట్టుకుపోయిందని అర్థం. గోడ పక్కన ఉన్న ఒక డొల్ల బండను మేస్త్రీ చేత జాగ్రత్తగా లేపించి చూడండి. కింద ఇసుక పిడికిట్లో ముద్దగా నిలిస్తే, గోడ వెంట ఉన్న ఒక వరుస బండలు తీయించి, ఆ ఇసుక ఎత్తివేసి, నెల రోజులు అలా తెరిచి ఉంచడమే మేలు. నడవడానికి ఇబ్బందే, కానీ నీరు బయటికి పోవడానికి అంతకంటే పెద్ద దారి లేదు.

సంపు, బోరు, తాగునీరు

మునిగిన సంపును పూర్తిగా తోడి, గోడలు రుద్ది కడిగి, మళ్లీ నింపండి. ప్రతి 1000 లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడరు చొప్పున, తేర్చిన ద్రావణం కలిపి, ఆ నీటిని పై ట్యాంకుకు ఎక్కించి, ప్రతి నల్లా దగ్గర క్లోరిన్ వాసన వచ్చేదాకా విప్పి మూసి, కనీసం 12 గంటలు ఉంచాలి. ఆ నీరు తాగడానికి కాదు; మొత్తం వదిలేసి, మంచి నీటితో కడిగి నింపుకోవాలి. పట్టణాల్లో కొందరు కొత్తగా పాతించుకునే ప్లాస్టిక్ సంపులను, నేల నీటితో నిండి ఉండగా ఖాళీ చేయవద్దు, పైకి తేలుతాయి.

బోరు కేసింగు మూతి మునిగి ఉంటే ఆ నీటికీ క్లోరిన్ పట్టించి, ఆపైన పరీక్ష చేయించాలి. గ్రామాల్లో వాడే హెచ్2ఎస్ సీసాలో నీరు పోసి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడిందంటే అందులో మలసంబంధమైన క్రిములు ఉన్నట్టు. అప్పటిదాకా కాచి చల్లార్చిన నీరే తాగాలి, తెర్లిన తర్వాత ఒక నిమిషం ఉంచితే చాలు. పటిక బురదను కిందికి దించుతుంది, క్రిములను చంపదు.

నల్లగొండ పడమటి మండలాలవారికి ఇక్కడ ఒక మాట. వరదకు మిషన్ భగీరథ పైపు తెగి నీరు రాకపోతే, ఫ్లోరైడు ఉన్న పాత బోరు వైపు చేయి పోతుంది. కాచడం వల్ల ఫ్లోరైడు పోదు; నీరు ఆవిరై తగ్గిన కొద్దీ దాని మోతాదు కాస్త పెరుగుతుంది కూడా. ఆ నాలుగు రోజులూ స్నానానికి, బట్టలకు బోరు నీరు వాడండి, తాగడానికి, వంటకు ట్యాంకరు నీరు అడగండి.

సెప్టిక్ ట్యాంకు

టాయిలెట్ నీరు కిందికి పోవడం లేదని వెంటనే ట్యాంకు తోడించడం పొరపాటు. చుట్టూ భూమి నిండి ఉన్నప్పుడు ఇంకుడు గుంత ఒక్క బిందెడు నీరు కూడా పీల్చలేదు. ట్యాంకు తోడిస్తే బయటి నీరే అందులోకి చేరుతుంది, లేదా ట్యాంకు గోడ పగులుతుంది. భూమి కొంత ఆరేదాకా వాడకం తగ్గించుకుని, తర్వాత యంత్రం ఉన్న లారీతో తోడించండి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని లోపలికి దించడం, పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం; అంతకంటే ముఖ్యంగా, లోపలి వాయువుకు దిగిన మనిషి కేక వేయకముందే పడిపోతాడు, కాపాడబోయినవాడూ పడిపోతాడు.

ఎండబెట్టడం

ఇదే అసలు పని. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మూడడుగుల ఎత్తు వరకు నీళ్లలో ఒక రాత్రి నిలిస్తే, లోపల పీల్చిన నీరు గీత దగ్గర ఆగదు, ఇటుక సూక్ష్మ రంధ్రాల గుండా పైకి పాకుతుంది. అందుకే నీటి గీతకు అడుగు నుంచి అడుగున్నర పైదాకా సుద్దతో గీత గీసి, ఆ కింది భాగంలో డొల్ల శబ్దం వచ్చే పలాస్త్రిని చెక్కించివేయాలి. పలాస్త్రి గట్టిగా ఉన్నా దాని మీద పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు ఉంటే వాటిని గీకించాలి. అవి ఉన్నంతకాలం గోడ గాలి పీల్చదు. ఇటుకల సందులు కనిపించేలా తెరిచిన గోడ అందవికారంగానే ఉంటుంది, మూడు నెలలు అలాగే ఉండనివ్వాలి.

గాలి విషయంలో లెక్క ఇలా ఉంటుంది. ముసురు పట్టిన రోజు బయటి గాలిలోనే చెమ్మ నిండి ఉంటుంది కాబట్టి కిటికీలు తెరిచినా లాభం తక్కువ. ఎండ వచ్చిన తర్వాత, సుమారు పది గంటల నుంచి సాయంత్రం దాకా ఎదురెదురు తలుపులు, కిటికీలు తెరిచి, పొద్దు గూకిన తర్వాత మూయండి. టేబుల్ ఫ్యాను ఉంటే గోడ మీదికి కాకుండా కిటికీలో బయటి వైపు తిప్పి పెట్టండి. అది తడి గాలిని తోసేస్తే, అవతలి తలుపు నుంచి పొడి గాలి దానంతట అదే వస్తుంది. అల్మారాలు, బీరువాలు, మంచాలు గోడకు జానెడు దూరంగా జరపాలి. గదిలో బొగ్గుల కుంపటి, గ్యాస్ పొయ్యి వెలిగించి ఆరబెట్టవద్దు. గ్యాస్ మండితే నీటి ఆవిరే పుడుతుంది, బొగ్గుల నుంచి విషవాయువు వస్తుంది, హఠాత్తుగా వేడెక్కిన మట్టి గోడ నెర్రెలు విచ్చుతుంది.

ఎంత కాలం పడుతుందన్నదానికి అంగుళం మందానికి ఒక నెల అన్నది పాత గోడల విషయంలో వాడే ఉజ్జాయింపు లెక్క. రెండు వైపులా తెరిచి గాలి తగిలే ఇటుక గోడకు అందులో సగం కంటే తక్కువే పట్టవచ్చు. అడుగున్నర మందం ఉన్న మట్టి, రాతి గోడకు వచ్చే ఎండాకాలం దాటాలి. మన అదృష్టం ఏమిటంటే కార్తీకం నుంచి మాఘం దాకా పాలమూరు, నల్లగొండ గాలి పొడిగా ఉంటుంది. ఆ నెలలను తలుపులు మూసుకుని వృథా చేయవద్దు.

ఆరిందా లేదా అన్నది అరచేత్తో తెలియదు, చలికాలంలో పొడి గోడ కూడా చల్లగానే తగులుతుంది. జానెడు పొడవు, జానెడు వెడల్పు ఉన్న మందపాటి ప్లాస్టిక్ కాగితాన్ని నేలకు అడుగు ఎత్తున గోడకు ఆనించి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించి, ఒక రోజంతా వదిలేయండి. తీసి చూసినప్పుడు కాగితం లోపలి వైపు మంచు బిందువుల్లా తడి ఉన్నా, ఆ చోట గోడ రంగు చుట్టుపక్కల కంటే ముదురుగా మారినా గోడలో ఇంకా నీరు ఉన్నట్టు. పదిహేను రోజులకొకసారి అదే చోట ఈ పరీక్ష చేయండి. గది గదికీ ఫలితం వేరుగా ఉంటుంది. ఉత్తరపు గోడ, బాత్రూం గోడ చివరికి ఆరతాయి.

చౌడు, బూజు

గోడ ఆరుతున్న కొద్దీ తెల్లటి ఉప్పు పొడి, అంటే చౌడు, పైకి తేలుతుంది. అది చూసి బూజు అని భయపడేవారూ, బూజును చూసి చౌడే అని వదిలేసేవారూ ఉన్నారు. వేలితో కొంచెం తీసి, దాని మీద ఒక చుక్క నీరు వేయండి: కరిగిపోతే చౌడు, కరగకుండా నిలిచి ముక్కిన వాసన వస్తే బూజు. చౌడు అంటే గోడ నీరు వదులుతోందన్న మంచి గుర్తే. పొడి బ్రష్షుతో దులిపి, పొడిని ఎత్తి బయట పారేయాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

బూజు ఒకటి రెండు రోజుల తడికే మొదలవుతుంది, అల్మారా వెనుక, మెట్ల కింద, పరుపుల అడుగున ముందుగా కనిపిస్తుంది. పొడి బ్రష్షుతో గీకితే దాని విత్తుల వంటి రేణువులు ఇల్లంతా లేస్తాయి. ఫ్యాను ఆపి, మిగతా గదుల తలుపులు మూసి, ఎన్95 మాస్కు కట్టుకుని, బూజు మీద ముందు సర్ఫ్ నీరు స్ప్రే చేసి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. టైల్స్, ఇనుము, గాజు మీద ఆ తర్వాత బ్లీచింగ్ ద్రావణం పనిచేస్తుంది. పలాస్త్రిలోకి, ప్లైవుడ్‌లోకి వేళ్లు దిగిన బూజుకు పై పూత చాలదు. ఆ భాగాన్ని తొలగించాలి. ఆస్తమా ఉన్నవారు, పసిపిల్లలు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, షుగరు అదుపులో లేనివారు ఈ పని జరిగే రోజుల్లో ఆ ఇంట్లో ఉండకూడదు. బూజు మీద రంగు వేయడం నెల రోజుల పాటు దాన్ని దాచడమే.

కరెంటు తిరిగి ఇవ్వడం

మునిగిన స్విచ్‌బోర్డులు, సాకెట్లు, ఎంసీబీలు ఆరబెట్టి వాడేవి కావు, మార్చవలసినవి. గోడలోని పైపుల్లో నీరు నిలిచి ఉంటుంది కాబట్టి ఎలక్ట్రీషియన్ వైర్లు లాగి చూసి, వైర్ల పై తొడుగు దెబ్బతిన్నదేమో చూపే మెగ్గరు అనే పరికరంతో పరీక్షించి, ఎర్తింగు సరి చూసిన తర్వాతనే సరఫరా తీసుకోండి. ఈ అవకాశంలో, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ పెట్టించుకోవడం దండుగ కాదు. ఫ్రిజ్, వాషింగ్ మిషన్, మిక్సీ మెకానిక్కు చూపించకుండా ప్లగ్గు పెట్టవద్దు. బోరులోని మోటారు నీళ్లలో పనిచేసేదే కనుక దానికి భయం లేదు, మునిగిన స్టార్టరు డబ్బాతోనే ప్రమాదం.

పలాస్త్రి, సున్నం, రంగు

పండుగకు ఇల్లు బోసిగా ఉంటుందన్న బాధకు ఒక మార్గం ఉంది, అది మన పెద్దలు వాడిన సున్నమే. చెక్కిన చోట వదిలేసి, పై గోడలకు నీళ్ల సున్నం రెండు పూతలు వేస్తే ఇల్లు తెల్లగా కనిపిస్తుంది, గోడ గాలి పీలుస్తూనే ఉంటుంది, సున్నపు క్షారం బూజును కొంత అడ్డుకుంటుంది. దసరాకు సున్నం, ఉగాదికి రంగు అని పెట్టుకుంటే లెక్క సరిపోతుంది.

ప్లాస్టిక్ కాగితం పరీక్షలో రెండుసార్లు వరుసగా పొడిగా తేలిన తర్వాతనే పలాస్త్రి పని మొదలుపెట్టాలి. ఇటుక, సిమెంటు గోడలకు మామూలు సిమెంటు పలాస్త్రి చేయించవచ్చు. అది పూర్తిగా ఆరడానికి మరో నెల వదిలి, ఆపైన పుట్టీ, రంగు. మట్టి అడుసుతో కట్టిన గోడలకు మాత్రం సిమెంటు పూయించవద్దు. గట్టిగా ఉంటుందని మేస్త్రీలు దానికే మొగ్గుతారు. కానీ సిమెంటు లోపలి చెమ్మను బయటికి రానివ్వదు, వెనుక మట్టి నానుతూ ఉంటుంది, ఒక రోజు పెచ్చు పెచ్చుగా మట్టితో సహా ఊడి వస్తుంది. అటువంటి గోడకు సున్నం, ఇసుక కలిపిన గచ్చు కానీ, గడ్డి కలిపిన మట్టి పూత కానీ సరిపోతుంది.

వచ్చే వానకు ముందు

స్విచ్‌బోర్డులు, ఇన్వర్టరు, మీటరు ఈసారి నీరు వచ్చిన గీతకు రెండడుగులు పైకి మార్పించండి. గీత చెరిగిపోకముందే వరండా స్తంభం మీద పెయింటుతో గుర్తు పెట్టి సంవత్సరం రాసి ఉంచితే, ఇల్లు అద్దెకు వచ్చేవారికీ, తర్వాత కట్టబోయే పొరుగువారికీ పనికొస్తుంది. వరండాకు ఎత్తు పెంచడం ఖర్చుతో కూడిన పని. ప్రతి ఏడూ నీరు వచ్చే చోట తప్ప అవసరం లేదు. ప్రతి ఏడూ వస్తుంటే మాత్రం, మీ స్థలం చెరువు శిఖంలోనో పూర్తి నీటి మట్టం హద్దులోనో ఉందేమో గ్రామ నక్షాలో చూసుకుని, ఆ తర్వాతనే పెద్ద ఖర్చుకు పూనుకోండి.

టాయిలెట్ గుండా మురుగు వెనక్కి తన్నిన ఇళ్లలో, ఇంటికీ వీధి మ్యాన్‌హోల్‌కూ మధ్య ఉన్న చాంబరులో, నీటిని ఒకే వైపు పోనిచ్చే వాల్వు పెట్టించుకోవచ్చు. అది లేనివారు పెద్ద వాన సూచన ఉన్నప్పుడు కింది అంతస్తు టాయిలెట్ గుంతలో, బాత్రూం జాలీ మీద, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఇసుక మూటలు గట్టిగా కుక్కి పెట్టాలి. వాల్వు ఉన్నవారు ఏటా మృగశిర కార్తెకు ముందు చాంబరు మూత తీసి, వాల్వు రెక్కకు అడ్డుపడిన గుడ్డ పీలికలు, వెంట్రుకలు తీసివేసి, రెక్క స్వేచ్ఛగా మూసుకుంటోందో లేదో బకెట్ నీరు పోసి చూసుకోవాలి.